మొప్పల్లో కాపురం

పలాస అంటే జీడిపప్పు, ఉద్దానం అంటే కొబ్బరి. భావనపాడు ఒడ్డున సొరచేప మొప్పల సంగతి ఎవరిక్కావాలంటారా? నాక్కావాలి.

మిత్రులారా! సొర, టేకు చేపల మొప్పల్ని పట్టుకుని బతికే బల్లపరుపు పురుగులున్నాయి. కొన్నిటికి వెనకవైపు ఆరు చూషకాలు, వాటిలో కొక్కేలు. ఎంత నీరు పారినా పట్టు వదలవు, రక్తం తాగుతాయి. మనం పరీక్షకి వల్లెవేసే లివర్ ఫ్లూక్‌కి మధ్యలో నత్త కావాలి. వీటికి దళారీ లేడు: గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఈదుకుంటూ పోయి నేరుగా చేపనే వెతుక్కుంటుంది. (జీడిరైతుకి ఈ విద్య అబ్బితే ఎంత బాగుండును!) చాలావాటికి ఒకే జాతి చేప, మహా అయితే దాని దగ్గరి చుట్టాలు.

నా పేచీ అక్కడే. ఆ సొర పోతే దాని పురుగూ పోతుంది. 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి మరికొన్ని సొరల్ని, టేకుల్ని జాబితాలో చేర్చారు, మంచిదే. పురుగుని తలచేదెవరు? వాల్తేరులో ఆంధ్రా విశ్వవిద్యాలయం వారు చేపల పరాన్నజీవులపై ఏళ్ళ తరబడి పనిచేశారు. మన ఒడ్డున మాత్రం మొప్పలు కాకుల పాలు. జంతుశాస్త్రం చదివేవాళ్ళం, ఒక లెన్సూ, చిన్న సీసాలో ఫార్మలినూ పట్టుకెళ్ళలేమా? చట్టం కాపాడే జాతుల జోలికి పోకుండానే సుమా! చేపలు కోసే అప్పని అడిగితే మొప్పలు ఊరికే ఇస్తుంది.