గాయపడ్డవాడి గతేమిటి?

కర్ణాటకలో రాయచెర్లులాంటి పావగడ పల్లెల్లో వాన మొహం చాటేస్తే వేరుశనగ సేద్యం గుల్ల. అలాంటి ఇళ్లకు సైన్యంలో కొలువు పెద్ద ఆసరా. 2025 మే 9న జమ్ముకశ్మీర్ సరిహద్దు పోరులో, నాలుగేళ్ల కొలువుకు చేరిన అగ్నివీర్ మురళీనాయక్ అమరుడైతే, ఆయన ఊరు కల్లితండాకు మంత్రులు తరలివెళ్లారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రూ.50 లక్షలు, ఐదెకరాలు ప్రకటించింది. సబబే.

అదే పోరులో కాలు పోగొట్టుకుని బతికి బయటపడ్డవాడి సంగతో? అగ్నివీరుడైతే వైకల్యాన్ని బట్టి రూ.44, 25 లేదా 15 లక్షలు, మిగిలిన కాలపు జీతం, సేవానిధి ముట్టజెప్పి సాగనంపుతారు. జీవితాంతం వచ్చే పింఛను లేదు. పక్కనే నిలబడి పోరాడిన రెగ్యులర్ జవానుకు ఆ హక్కుంది. అదైనా సులువుగా దక్కదు. చేరినప్పుడు లేని జబ్బు సర్వీసులో వస్తే, దానికి సర్వీసు కారణం కాదని నిరూపించాల్సింది ప్రభుత్వమేనని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా జవాన్లకు పింఛను ఇవ్వాలన్న తీర్పులపై రక్షణ శాఖ అప్పీళ్లు ఆగలేదు.

పౌర రక్షణ విషయంలోనూ ఇదే నిర్లక్ష్యం. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడలపై జపాన్ బాంబులు పడ్డాయి. అంత జరిగినా నేటికీ సైరన్లు, మాక్ డ్రిల్లులు గుర్తుకొచ్చేది యుద్ధం గుమ్మంలోకి వచ్చాకే. గాయపడ్డ అగ్నివీరుడికి పింఛను, జవాన్లపై అప్పీళ్ల ఉపసంహరణ, తాలూకా స్థాయిలో ఏటా పౌర రక్షణ శిక్షణ: ఈ మూడూ శాంతికాలంలోనే జరగాలి.