విరామ వేళ: గుడ్డ మీద మాయాబజార్

గత సంచికలో అష్టాచెమ్మా గురించి వ్రాసినప్పుడు, ఇంట్లో పిల్లలచేత కొత్త ఆటను తయారుచేయించడం సాధ్యమేనా అని కొందరు సహోద్యోగులు అడిగారు. సాధ్యమే. అయితే ఆటకు ఒక కథ కావాలి. ఆ కథ ఆడేవారందరికీ ముందే తెలిసి ఉండాలి. లేకపోతే నియమాలు వివరించడంతోనే సాయంకాలం గడిచిపోతుంది. తెలుగు ఇళ్ళలో తాతయ్య మొదలు మనవరాలి వరకు అందరికీ తెలిసిన కథలను వెదికితే ముందుగా తట్టేది 1957 మార్చి 27న విడుదలైన విజయా వారి 'మాయాబజార్'. ఈ నెల మన శీర్షికను ఆ చిత్రాన్ని పటంగా మార్చే పనికి కేటాయిస్తున్నాను.

అండమాన్ దీవులలో పనిచేసే మనవారికి ఇటువంటి ఆటతో అవసరం కొంత ఎక్కువ. మే మాసం మధ్యలో నైరుతి రుతుపవనం వచ్చింది మొదలు డిసెంబరు వరకు ఇక్కడ వాన తెరిపి ఇచ్చే రోజులు తక్కువ. సెలవు మీద విశాఖపట్నానికో చెన్నైకో ఓడలో వెళితే దాదాపు 1200 కిలోమీటర్ల సముద్రం. రెండు మూడు రోజులు బంకు మీదే కాలక్షేపం చేయాలి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భపు కేబుల్ ప్రారంభమయ్యేవరకు ఈ దీవులలో ఇంటర్నెట్టు ఉపగ్రహం దయమీద నడిచేది. ఇప్పుడు ఊళ్ళో కొరత తీరినా నడిసముద్రంలో ఫోను పలకదు.

రెండవ అవసరం భాషకు సంబంధించినది. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభా సుమారు 3 లక్షల 80 వేలు. అందులో తెలుగు మాతృభాషగా గలవారు 50 వేలు, అనగా ప్రతి ఎనిమిది మందిలో ఒకరు. ఇంత మంది ఉన్నా, శ్రీ విజయపురంలో (2024 సెప్టెంబరు వరకు ఇదే పోర్ట్ బ్లెయిర్) ఆటస్థలానికి వెళితే మన పిల్లలు ఒకరినొకరు పిలుచుకొనేది హిందీలోనే. బెంగాలీ, తమిళ, తెలుగు, నికోబారీ ఇళ్ళ పిల్లలు కలిసి ఆడుకోవాలంటే అదే దారి; అందులో తప్పేమీ లేదు. అయితే తెలుగు అన్నది అన్నం వడ్డించేటప్పుడు, మందలించేటప్పుడు మాత్రమే వినిపించే భాషగా మిగిలిపోతున్నదని తల్లిదండ్రులు బాధపడటం నేను చాలాసార్లు విన్నాను. తెలుగు మాట్లాడితేనే ముందుకు సాగే ఆట ఒకటి ఉంటే చెప్పకుండానే కొంత పని జరుగుతుంది.

ఇంతకూ 'మాయాబజార్' ఎందుకు? అదే దర్శకుడు కె.వి. రెడ్డి 1951లో తీసిన 'పాతాళభైరవి' పనికిరాదా? వస్తుంది; కాని అది వేరు జాతి ఆట అవుతుంది. తోటరాముడు బయలుదేరుతాడు, ఆపదలు దాటుతాడు, గమ్యం చేరుతాడు. అది వైకుంఠపాళి నడక. నిచ్చెన వస్తే పైకి, పాము వస్తే కిందికి, ఆడేవాడి ఆలోచనతో నిమిత్తం లేదు. మన పూర్వులు పాపపుణ్యాల ఫలితాన్ని బోధించడానికి కల్పించిన ఆ పటం పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండు చేరి, క్రమంగా వేదాంతం పోగొట్టుకొని, కేవలం పాములు నిచ్చెనలుగా మిగిలింది. చిన్నపిల్లలకు అది చాలు. పదేళ్ళు దాటినవారికి రెండవ ఆటకే విసుగు పుడుతుంది.

'మాయాబజార్' నడక అది కాదు. దాని మూలమైన శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేని కథ. మన జానపదుల నోట పెరిగి, సురభి వారి నాటకాలలో తీగల మీద ఎగిరి, 1936లో పి.వి. దాసు చిత్రంగా ఒకసారి తెరకెక్కి, ఆ తరువాత పింగళి నాగేంద్రరావు చేతికి వచ్చింది. ఇంత పెద్ద భారతగాథలో పాండవులైదుగురిలో ఒక్కరైనా తెరమీద కనిపించరు. ఎవరూ చావరు. కథనంతటినీ నడిపేది వేషం: శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. ఎదుట ఉన్నది అసలా, మాయా అన్నది కొందరికి తెలుసు, కొందరికి తెలియదు. ఈ తెలియడం, తెలియకపోవడం అన్నదే ఆటకు ప్రాణం. పైగా ఈ చిత్రంలో ప్రతి మలుపుకూ ఒక వస్తువు ఉన్నది: ప్రియదర్శిని, సత్యపీఠం, గింబళి, గిల్పం, వీరతాడు. వస్తువులున్న కథను పటం మీద పెట్టడం సులభం.

మరొక సంగతి. ఇరుపక్షాలూ సమానబలంతో ఉండనవసరం లేదు. మన పులిజూదంలో పులులు మూడు, మేకలు పదిహేను. పులి తింటుంది, మేక తినలేదు, చుట్టుముట్టి కట్టివేస్తుంది. అయినా ఆట ఎటైనా మొగ్గవచ్చు. అదే పద్ధతిని ఇక్కడ స్వీకరించాను. పింగళి వారి మాటల్లోనే ఒక పక్షం అసమదీయులు, రెండవ పక్షం తసమదీయులు.

పటానికి అట్ట వద్దు. మన దీవుల చెమ్మకు అట్ట నెలరోజులలో ఉబ్బి వంకర తిరుగుతుంది. పాత దుప్పటి ముక్కో, పంచె కొంగో తీసుకొని, పచ్చీసు గుడ్డ మాదిరిగా గీతలు కుట్టుకోవడం ఉత్తమం. చుట్టి సంచిలో వేసుకోవచ్చు. ఓడ మీద గాలికి ఎగరకుండా నాలుగు మూలలా చిన్న జేబులు కుట్టి గులకరాళ్ళు వేయవచ్చు. అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది, మొత్తం 64 గడులు. కళలు కూడా అరవైనాలుగే కనుక మాయకు సరిపోయిన సంఖ్య. కింది మూడు వరుసలు ద్వారక, నడిమి రెండు వరుసలు మాయాబజారు వీధి, పై మూడు వరుసలు అడవి. అడవిలో ఎడమ మూల గడి ఘటోత్కచుని ఆశ్రమం. అసమదీయుల కాయలు బయలుదేరేది దానికి ఎదురు మూల నుంచి, అనగా ద్వారకలో కుడివైపు చివరి గడి నుంచి. కౌరవుల విడిది వీధికి కుడివైపున, పటం బయట.

రంగుల విషయంలో ఒక వివాదం తప్పదు. పిల్లలు 2010లో రంగులద్దిన ప్రతిని చూసినవారు. పెద్దలు మార్కస్ బార్ట్‌లే నలుపు తెలుపుల వెన్నెలను మనసులో పెట్టుకొన్నవారు. ఘటోత్కచుని ఉత్తరీయం ఏ రంగు అన్న దానిపై అరగంట వాదించుకోవచ్చు. నా మట్టుకు నల్ల సిరాతో బొమ్మలు గీసి, అడవికి మాత్రం ఆకుపచ్చ పూయమంటాను.

ఇక విసరడానికి గవ్వలు. సముద్రం వాకిట్లోనే ఉన్నదికదా అని ఒడ్డున ఏరుకోవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కొన్ని జాతుల శంఖాలకు, గవ్వలకు, పగడాలన్నిటికీ రక్షణ ఉన్నది. ఏది ఏ జాతి అన్నది మనకు తెలియదు. చింతపిక్కలు ఉండగా గవ్వలతో పనేమిటి? నాలుగు పిక్కలను గచ్చు మీద ఒకవైపు అరగదీస్తే తెల్లని పప్పు బయటపడుతుంది. తెలుపు ఎన్ని పడితే అన్ని గడులు; నాలుగూ తెలుపైతే నాలుగు, నాలుగూ నలుపైతే ఎనిమిది; ఈ రెండింటికీ మరొక విసురు. పదహారు విధాలుగా పడే అవకాశాలలో రెండు పడేది ఆరు సార్లు, ఒకటీ మూడూ నాలుగేసి సార్లు, నాలుగూ ఎనిమిదీ ఒక్కొక్కసారి; సగటున విసురుకు రెండున్నర గడులు వస్తాయి. ద్వారక మూల నుంచి ఆశ్రమం మూలకు, అడ్డంగా ఏడు, నిలువుగా ఏడు, మొత్తం 14 గడులు. ఒక కాయకు సుమారు ఆరు విసుర్లు, రెండు కాయలకు పన్నెండు. అడ్డంకులతో కలిపి ఆట అరగంటలో ముగుస్తుంది. భోజనానికి పిలుపు వచ్చేలోగా ముగిసే ఆటలే ఇళ్ళలో నిలుస్తాయి.

కాయలకు కొబ్బరిచిప్పలను మించినవి లేవు. వాటిని ఇక్కడ కొనవలసిన పని కూడా లేదు. చిన్న బిళ్ళలుగా కోసి నునుపు చేస్తే లోపలివైపు కొద్దిగా గుంటగా ఉంటుంది. ఆ గుంటలో గుర్తు దాగుతుంది. అసమదీయులకు నాలుగు కాయలు: అభిమన్యుడు, సుభద్ర, ఇద్దరు శశిరేఖలు. ఇద్దరు శశిరేఖలూ పైకి అచ్చం ఒకే తీరు. ఒకదాని లోపల పువ్వు, రెండవదాని లోపల గద. గద ఉన్నది ఘటోత్కచుడు. తసమదీయులకు కూడా నాలుగు: లక్ష్మణకుమారుడు, దుర్యోధనుడు, కర్ణుడు, శకుని.

అసలు శశిరేఖ, అభిమన్యుడు ఇద్దరూ ఆశ్రమం చేరితే అసమదీయులు గెలిచినట్లు. ద్వారకలో గాని వీధిలో గాని లక్ష్మణకుమారుడు అసలు శశిరేఖ ఉన్న గడిలో నిలిస్తే తసమదీయులు గెలిచినట్లు. ఘటోత్కచుడున్న గడిలో నిలిచాడా, పెళ్ళి పెటాకులై అక్కడితో ఆట ముగుస్తుంది. లక్ష్మణకుమారుడు వీధి దాటి అడవిలో అడుగు పెట్టరాదు. ఈ ఒక్క నిబంధన లేకపోతే అతడు నేరుగా ఆశ్రమం వాకిట కూర్చుంటాడు. తక్కిన కాయలు దారి అడ్డగించడానికే. ఒక కాయ ఉన్న గడి గుండా ఎదుటి పక్షం కాయ పోరాదు. శకునికి మాత్రం ఒక సౌకర్యం ఇచ్చాను: ఆటలో ఒక్కసారి, పడిన పందెం నచ్చకపోతే పిక్కలను మళ్ళీ వేసుకోవచ్చు. పాచికలు అతని మాట వినకపోతే అతడు శకుని ఎట్లా అవుతాడు?

ఇంతవరకే ఉంటే తసమదీయులది బొమ్మా బొరుసా వ్యవహారం. ఇద్దరిలో ఒకరిని ఊహించడం తప్ప చేయగలిగింది లేదు. ఇక్కడ వస్తువులు అక్కరకు వస్తాయి. ద్వారకలో ఒక గడి ప్రియదర్శిని. అందులో నిలిచిన తసమదీయుడు ఒక శశిరేఖను ఎత్తి లోపల చూడవచ్చు. చూసినది పైకి చెప్పనక్కరలేదు. వీధిలో ఒక గడి సత్యపీఠం. ఏ పక్షం వారు దానిపై నిలిచినా ఎదుటివారు అడిగే ఒక ప్రశ్నకు నిజం చెప్పి తీరాలి. చిత్రం చివర శకుని గుట్టంతా రట్టయ్యేది దానిమీదనే కదా. గింబళి గడిలో పడితే మూడు గడులు వెనక్కు, గిల్పం మీద పడితే ఒక వంతు నష్టం. ఇవి వీధిలో రెండేసి చొప్పున చాలు. ఎక్కువైతే మళ్ళీ వైకుంఠపాళి అవుతుంది.

మరి ప్రియదర్శినిలో చూసేసిన తరువాత మాయ ఏమున్నది? అందుకు కృష్ణుడు కావాలి. కృష్ణుడు కాయ కాదు. పటం పక్కన కూర్చొనే పెద్దమనిషి. చూపు మందగించి గడులు లెక్కపెట్టలేని తాతగారికో అమ్మమ్మగారికో ఈ పాత్ర ఇవ్వాలి. అసమదీయుడు ఆటలో ఒక్కసారి ఇద్దరు శశిరేఖలనూ తీసుకువెళ్ళి ఆయన చేతిలో పెట్టి, మార్చాలో మార్చకూడదో చెవిలో చెబుతాడు. ఆయన కొంగు చాటునో ఉత్తరీయం చాటునో ఆ పని చేసి కాయలను తిరిగి అదే గడులలో పెడతాడు. ఎదుటివాడికి చేతులు కనిపించవు, ముఖం మాత్రం కనిపిస్తుంది. కృష్ణుడు నవ్వితే ఒక అర్థం, నవ్వకపోతే మరొక అర్థం. ఎదుటివాడు ప్రియదర్శినిలో చూసేదాకా ఈ మాయను దాచుకోవాలా, చూడకముందే వాడి తికమక పెట్టాలా అన్నది అసమదీయుని తెలివి. మా క్వార్టర్లలో ఒక అమ్మమ్మగారు ఈ పాత్రలో ఎంత గంభీరంగా కూర్చున్నారంటే, మనవడు ఆట మానేసి ఆమె ముఖమే చూస్తూ ఉండిపోయాడు.

చివరిది, నాకు మిక్కిలి ఇష్టమైనది వీరతాడు గడి. ఇవి నాలుగు ఉండాలి. చిత్రంలో కొత్త మాట పుట్టించిన శిష్యునికి ఘటోత్కచుడు వీరతాళ్ళు వేయిస్తాడు. ఆటలోనూ అంతే. ఈ గడిలో నిలిచినవారు నిఘంటువులో లేని ఒక తెలుగు మాటను అప్పటికప్పుడు పుట్టించి అర్థం చెప్పాలి. కృష్ణుడు ఒప్పుకొంటే కాయకు ఒక దారం ముడి, మరొక విసురు. ఒప్పుకోకపోతే ఏమీ లేదు. హిందీ, ఇంగ్లీషు మాటలకు తెలుగు తోక తగిలిస్తే చెల్లదు. నడిసముద్రంలో ఫోను పలకకపోవడాన్ని ఒక బాలిక 'గాలిమూగ' అన్నది. మరొక అబ్బాయి, బయలుదేరవలసిన ఓడ రేవులోనే నిలిచిపోవడానికి 'ఓడాలస్యం' అని పేరు పెట్టాడు. దానిమీద పెద్దల మధ్య చర్చ లేచింది. ఓడ తెలుగు మాట, ఆలస్యం సంస్కృతం, సవర్ణదీర్ఘం ఎట్లా కుదురుతుందని ఒకరు. అత్వసంధి చేసినా రూపం అదే వస్తుంది గదా అని మరొకరు. అంతసేపూ పిక్కలు గుడ్డమీదే పడి ఉన్నాయి. చివరకు కృష్ణుడు రెండు వీరతాళ్ళు మంజూరు చేశాడు.

తమిళ మిత్రుల కుటుంబాలతోనూ ఈ ఆట ఆడవచ్చు. ఈ చిత్రం అదే సంవత్సరం తమిళంలోనూ వచ్చింది; అందులో అభిమన్యుడు జెమినీ గణేశన్. ఘటోత్కచుడు మాత్రం ఎస్.వి. రంగారావే కనుక ఆ కాయ గురించి వాదం రాదు. వీరతాడు గడిలో వారు తమిళ మాట పుట్టించుకోవచ్చు, అర్థం చెప్పాలన్నదే షరతు.

వానకాలంలో పటం గుడ్డకు బూజు పట్టకుండా ఆట ముగిసిన వెంటనే ఆరవేసి, మడతలో నాలుగు లవంగాలు వేసి ఉంచండి. మీ ఇళ్ళలో పుట్టిన మాటలను అర్థంతో సహా సంపాదకులకు పంపితే మంచివాటిని ఈ శీర్షికలోనే ప్రచురిస్తాము. వచ్చే సంచికలో పులిజూదం.