పాదరసం పరీక్ష పల్లెకు అందేదెప్పుడు?

సంగారెడ్డి: నీటిలో కరిగిన పాదరసం కంటికి కనబడదు, వాసన రాదు. కాచి చల్లార్చినా నీరు బాగుపడదు. తాగునీటిలో ఇది లీటరుకు ఒక మైక్రోగ్రాము మించరాదని భారత ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. అంటే పది లక్షల లీటర్లలో ఒక్క గ్రాము! అంత తక్కువ మోతాదును కచ్చితంగా తేల్చాలంటే ప్రయోగశాల యంత్రాలు కావాలి.

ఈ పని సులువు చేసేందుకు శాస్త్రజ్ఞులు మెరిసే రసాయనాలు తయారు చేశారు. రోడమిన్ అనే రంగు పదార్థాన్ని వెలగని రూపంలోకి మారుస్తారు. పాదరసం సోకగానే దాని అణువులో మూసుకున్న వలయం తెరుచుకుంటుంది. నీరు గులాబి రంగుకు తిరుగుతుంది; తగిన దీపం కింద మెరుస్తుంది.

అయితే ఈ మెరుపు హెచ్చరికే గాని తీర్పు కాదు. బురద నీరు, రాగి వంటి లోహాలు పరీక్షను తప్పుదారి పట్టించవచ్చు. చేపల్లో చేరే మిథైల్ పాదరసాన్ని చాలా రకాలు పసిగట్టలేవు. మెరవనంత మాత్రాన నీరు మంచిదని అనుకోరాదు. అనుమానం ఉంటే ప్రయోగశాల పరీక్ష తప్పనిసరి.

హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతంలో విశ్వవిద్యాలయం ఉంది, పెద్ద కంపెనీలు ఉన్నాయి. అక్కడికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని పటాన్‌చెరు కథ వేరు. ఫ్యాక్టరీల మురుగుతో నక్కవాగు చెడింది. వాగు పక్క పొలాలు, బావులు పాడయ్యాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. నీరు చెడిందని రైతుకు తెలుసు. అందులో ఏ విషం ఎంతుందో చెప్పే సాధనం మాత్రం అతని చేతిలో లేదు.

నేటికీ గ్రామాలకిచ్చే పరీక్ష పెట్టెల్లో సాధారణంగా ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము, క్లోరిన్ వంటివే చూస్తారు. పాదరసం ఊసు లేదు. పాత ట్యూబులైట్లు, సి.ఎఫ్.ఎల్. బల్బుల్లో కూడా పాదరసం ఉంటుంది. నగరం పారేసిన చెత్తలో అవి పగిలితే ఆ విషం మట్టిలో, నీటిలో కలిసే ప్రమాదముంది.

జపాన్‌లోని మినమటలో పాదరసం జబ్బు 1956లో బయటపడింది. కారణం ఫ్యాక్టరీయేనని అక్కడి ప్రభుత్వం 1968లో గాని ఒప్పుకోలేదు. ఆ 12 ఏళ్లూ నష్టపోయింది చేపలు తిని బతికే జనమే.

కనుక పరిశ్రమల దిగువన ఉన్న గ్రామాల్లో వర్షాలకు ముందొకసారి, తర్వాతొకసారి బావులు, బోర్ల నీటిని పాదరసానికి పరీక్షించి, ఫలితాన్ని పంచాయతీ గోడపై రాయించాలి. ఇందుకు గ్రామసభలు తీర్మానం చేసి జిల్లా అధికారులకు పంపవచ్చు. మెరిసే రసాయనం నమ్మకంగా పనిచేసే స్థాయికి వస్తే, అది మొదట చేరవలసింది ఈ ఊళ్లకే.