పదివేల అడుగుల బాకీ

శీతకాలం ప్రవేశించగానే రాజధానిలో నా చేతి గడియారానికీ, జేబులోని ఫోనుకూ పొత్తు కుదరదు. ఉదయం ఆరు గంటలకే గడియారం మణికట్టు మీద అదిరి, పదివేల అడుగులు బాకీ ఉన్నావని హెచ్చరిస్తుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి 'సమీర్' యాప్ తెరిస్తే, గాలి సూచిక 400 దాటింది, బయటికి రావద్దంటుంది. ఎవరి మాట వినవలె?

ఇంతకూ ఈ పదివేలు వైద్యులు విధించిన సంఖ్య కాదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి సంవత్సరం, 1965లో, ఒక జపాను కంపెనీ 'పదివేల అడుగుల మాపకం' అన్న అర్థం వచ్చే పేరుతో ఒక పరికరాన్ని అమ్మకానికి పెట్టింది. పేరు ఆకర్షించింది, సంఖ్య నిలిచిపోయింది. 2019లో అమెరికాలో వృద్ధ మహిళలను గురించి వెలువడిన ఒక పరిశోధనలో సుమారు 7,500 అడుగులు దాటిన పిదప అదనపు ప్రయోజనం కానరాలేదు.

అయినా ఈ యంత్రాలను నేను తీసిపారవేయను. కుర్చీకి అంటుకుపోయిన నావంటి విలేఖరులను లేపి నడిపించిన ఘనత వాటిదే. నా అభ్యంతరం వేరు. ఆరోగ్య బాధ్యతనంతా పౌరుని మణికట్టుకు కట్టివేసి, నడిచే బాటనూ పీల్చే గాలినీ ఏలినవారు మరచిపోవడం ఏమి న్యాయం? తోపుడు బండి వారు, ఇండ్లలో పనిచేసే స్త్రీలు ఏ గడియారమూ లేకనే దినమంతా నడుస్తున్నారు. సూచిక ఎంత ఉన్నా వారికి సెలవు లేదు.

గత శీతకాలంలో ఒకనాడు తలుపులు బిగించి, గదిలోనే పచార్లు చేసి మూడు వేలు పూర్తిచేశాను. గడియారం అభినందించింది. అప్పుడే పాలు తెచ్చే కుర్రవాడు దగ్గుతూ మూడవ అంతస్తు మెట్లెక్కి వచ్చాడు.