క్యాంపులో బొగ్గుల గ్రిల్ ఉండాలా?



సంక్రాంతి సెలవుల్లో మన యవ్వనస్థులు రెండు రాత్రులు మామిడితోటలో టెంట్లు వేసుకుని రిట్రీట్ జరుపుకున్నారు కదా. ఆ తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక ఒక సంఘ పెద్ద నన్ను పక్కకు పిలిచి, "అయ్యగారూ, అది రిట్రీటా, పిక్నికా? వాక్యానికి ముప్పావు గంట, కోడి కాల్చడానికి రెండు గంటలా?" అని అడిగారు. ప్రేమతోనే అడిగారు. ఇంకొందరికీ ఈ సందేహం ఉందని తెలిసింది. అందుకే అందరికీ కలిపి ఇక్కడే జవాబు రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: వచ్చే ఏడాది క్యాంపులో కూడా ఆ గ్రిల్ ఉండాలి.

నిజానికి మొదట వద్దన్నది నేనే. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే తమ్ముడు కారు డిక్కీలో పట్టేంత చిన్న బొగ్గుల గ్రిల్, మూతతో సహా తెచ్చాడు. ముక్కలు కాదు, కోడిని నిలువునా రోస్ట్ చేద్దామన్నాడు. వంట మాస్టర్ చేత పలావు వండిస్తే గంటలో పని అయిపోతుంది కదా అనుకున్నాను.

మొదటి రాత్రి నా మాటే నెగ్గినట్టయింది. బొగ్గులు త్వరగా అంటుకోవాలని ఎవరో కిరసనాయిలు పోశారు. మంట ఎగసిపడుతుండగానే కోళ్ళను దాని మీద పెట్టేశారు. పావుగంటలో పైనంతా మాడిపోయింది, ఎముక దగ్గర మాత్రం ఎర్రటి నెత్తురు. కిరసనాయిలు వాసన సరేసరి. చివరికి అందరం పులిహోర, పెరుగన్నం తిని పడుకున్నాం.

రెండో రోజు మన సంఘంలో ఇస్త్రీ బండి నడిపే అన్న వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా బొగ్గులతో బతికిన మనిషి. "మంట మీద కాదు అయ్యగారూ, నివురు మీద కాల్చాలి" అన్నాడు. కొబ్బరిపీచు, ఎండుపుల్లలతో బొగ్గులు అంటించి, దాదాపు అరగంట ఎవరినీ దగ్గరకు రానివ్వలేదు. మంట తగ్గి బొగ్గుల మీద తెల్లటి నివురు పట్టాక, వాటిని రెండు పక్కలకూ నెట్టి మధ్యలో ఖాళీ ఉంచాడు. ఆ ఖాళీలో కొవ్వు కారడానికి ఒక పళ్ళెం, దాని పైన జాలీ మీద కోడి. కిలోన్నర కోడి. గాట్లు పెట్టి ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి, పెరుగు, నిమ్మరసం పట్టించి మధ్యాహ్నం నుంచి ఉంచాం. మూత పెట్టేశాక గంటన్నర పట్టింది. అరగంటకోసారి పక్కన రాజేసిన నాలుగు బొగ్గులు చేర్చడం తప్ప వేరే పని లేదు. మాటిమాటికీ మూత తీస్తే వేడి పోతుంది, ఇంకా ఆలస్యమవుతుంది. తొడ కీలు దగ్గర గుచ్చితే ఎర్రగా కాకుండా తేటనీరు రావాలి. అప్పుడే దించాలి. దించాక కూడా పది నిమిషాలు ఆగాలి.

నా జవాబంతా ఆ గంటన్నరలోనే ఉంది.

మన క్యాంపుల్లో ఖాళీ ఉండదు. ఉదయ ధ్యానం, మొదటి వర్తమానం, రెండో వర్తమానం, బైబిల్ క్విజ్, రాత్రి కూటం. మాట్లాడేది నేను, వినేది వాళ్ళు. ఆ రాత్రి మాత్రం చేయడానికి పని లేదు, పోవడానికి చోటు లేదు, సెల్లుకు సిగ్నల్ లేదు. అందరూ నిప్పుల చుట్టూ కూర్చున్నారు. నా పక్కన కూర్చుని విసనకర్రతో విసిరిన అబ్బాయి ఏడాదిగా గుడికి రావడం లేదు. స్నేహితుడు బలవంతం చేస్తే క్యాంపుకు వచ్చాడు. ఎందుకు మానేశాడో నాకు తెలుసు. ఒక ఆదివారం ప్రసంగంలో పేరు చెప్పకుండా, కానీ అందరికీ అర్థమయ్యేలా, అతని తప్పును పులపీఠం మీద నుంచి ఎత్తిచూపాను. అది ఖండించి బుద్ధి చెప్పడం అనుకున్నాను. మీలో కొందరు ఆ రోజు ఆమెన్ అన్నారు కూడా. అతని అనుమతితోనే ఈ మాత్రం రాస్తున్నాను. ఆ నిప్పుల దగ్గర క్షమాపణ అడిగింది అతను కాదు, నేను. తర్వాత అతను నాతో ఏం చెప్పాడో అది మా ఇద్దరి మధ్యే ఉంటుంది.

యోహాను సువార్తలో ఇలాంటి నిప్పులు రెండుసార్లు కనిపిస్తాయి. 18వ అధ్యాయంలో ప్రధాన యాజకుని ఇంటి ముంగిట పేతురు చలి కాచుకుంటూ ప్రభువును ఎరుగనన్నాడు. 21వ అధ్యాయంలో తిబెరియ సముద్రతీరాన ప్రభువు చేపలు కాల్చాడు. మన తెలుగు బైబిల్లో ఒకచోట మంట, ఇంకోచోట నిప్పులు అని ఉండడం వల్ల మనం గమనించం గానీ, గ్రీకులో రెండుచోట్లా ఒకే మాట: బొగ్గుల నిప్పు. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట ఈ రెండుచోట్లే ఉంది.

ఈ సంగతి చాలాసార్లు ప్రసంగించాను. కానీ బొగ్గులు రాజేసే పని దగ్గర కూర్చున్నాకే ఇంకొకటి తోచింది. శిష్యులు ఒడ్డుకు వచ్చేసరికి నిప్పులు సిద్ధంగా ఉన్నాయి. అంటే వాళ్ళు ఇంకా నీళ్ళ మీద ఉండగానే ప్రభువు నిప్పు రాజేసి ఉంటాడు. తన దగ్గర చేపలున్నా, వాళ్ళు పట్టినవాటిలోనూ కొన్ని తెమ్మన్నాడు. పేతురును ప్రశ్నలు అడిగింది అందరూ తిన్న తర్వాతే. నేనైతే ముందు ప్రశ్నలు, తర్వాత భోజనం పెట్టేవాణ్ణి.

కాల్చిన మాంసం లోకసంబంధమైన సరదా అనేవారికి ఒక మాట. పస్కా గొర్రెపిల్లను ఉడకబెట్టవద్దని, నిప్పులతో కాల్చమని నిర్గమకాండం 12వ అధ్యాయంలో ఉంది. అయితే 1 సమూయేలు 2వ అధ్యాయం కూడా చదవండి. ఏలీ కొడుకులు కాల్చుకోవడానికి పచ్చి మాంసం ముందే తమకు కావాలని జనాన్ని పీడించారు. ఆ రాత్రి మొదటి తొడ ముక్క "అయ్యగారికి" అంటూ నా పళ్ళెంలోకి వచ్చినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. దాన్ని ఇస్త్రీ అన్నకు ఇచ్చాను. (వాసనకు నోరూరలేదని మాత్రం అనను.)

ఖర్చు గురించీ అడిగారు. మూడు కోళ్ళు, అయిదు కిలోల బొగ్గులు, అంతే. కానుకల డబ్బు ముట్టలేదు, పిల్లలే వేసుకున్నారు. పద్దెనిమిది మందికి మూడు కోళ్ళతో కడుపు నిండదు. పులిహోరే నింపింది.

తల్లిదండ్రులు భయపడాల్సింది ఒక్కదానికే. చలిగా ఉందని రాజిన బొగ్గుల గ్రిల్‌ను టెంటులోకి తీసుకెళ్తే ప్రాణం పోతుంది. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే చంపేస్తుంది. అందుకే పడుకునే ముందు నేనే రెండు బకెట్ల నీళ్ళు పోసి, కర్రతో కలిపి, చల్లారిందని చేత్తో చూశాకే టెంటులోకి వెళ్ళాను. ఎండాకుల మీద, అడవిలో ఈ పని అసలు వద్దు.

వచ్చే క్యాంపులో రెండో రోజు సాయంత్రం వర్తమానం తీసేస్తున్నాను. ఆ వర్తమానం నాదే కాబట్టి ఎవరూ నొచ్చుకోరు. ప్రశ్న అడిగిన పెద్దాయనను కూడా రమ్మన్నాను. బొగ్గులు తానే తెస్తానన్నారు, సరుగుడువి.