నేలవేము కషాయమూ, వేయి పదార్థాల లెక్కా

కోయంబత్తూరు నుంచి ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. వారి అత్తగారు ఎనభై దాటినవారు. ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా నేలవేము కషాయం కాచి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదుటనే నిలబడతారట. మనుమరాలు బెంగుళూరులో రసాయనశాస్త్రం చదువుతున్నది. మొన్న సెలవులకు వచ్చి, "నాయనమ్మా, ఈ ఆకులో ఉన్న వేల పదార్థాలను ఇప్పుడు యంత్రం ఒక్క పూటలో పట్టేస్తుంది" అన్నదట. "అట్లయితే జ్వరం తగ్గించేది ఏదో చెప్పవే" అని ఆవిడ అడిగారు. పిల్ల జవాబు చెప్పలేకపోయింది. మమ్మల్ని చెప్పమని సోదరి కోరిక.

నాయనమ్మగారి ప్రశ్నే అసలు ప్రశ్న. ఆ శాస్త్రంలో పనిచేసేవారంతా దానితోనే తలలు బద్దలుకొట్టుకుంటున్నారు.

మునుపు పద్ధతి వేరు. మొక్కను నూరి, సారాయంలోనో మరొక ద్రావకంలోనో నానబెట్టి, అందులోని పదార్థాలను ఒక్కొక్కటిగా విడదీసి స్ఫటికాలు కట్టించేవారు. నేలవేముకు ఆ చేదునిచ్చే ఆండ్రోగ్రాఫోలైడును 1911లోనే శుద్ధంగా వేరుచేశారు. దాని నిర్మాణం పూర్తిగా తేలేసరికి 1960వ దశకం వచ్చింది. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో టి. ఆర్. శేషాద్రిగారు 1930లలోనూ 40లలోనూ పత్తి పువ్వు, గోగు పువ్వు మొదలైనవాటి రంగు పదార్థాలను అట్లాగే ఓపికతో విడదీశారు. వారు కుళిత్తలైలో పుట్టిన తమిళులు, తెలుగునాటికి వచ్చి పనిచేశారు. మన పెద్దలు ఇటు వచ్చినట్లే.

ఆ ఓపికకు ఎంత ఖర్చయ్యేదో చీనా దేశపు తూ యూయూగారి కథ చెబుతుంది. మలేరియాకు మందు కోసం వారి బృందం రెండువేలకు పైగా నాటు యోగాలను పరిశీలించి, సుమారు రెండువందల మూలికల నుంచి 380కి పైగా సారాలు తీసి ఎలుకల మీద పరీక్షించింది. ఒక మాచిపత్రి జాతి మొక్క ఒకసారి పనిచేసేది, ఒకసారి చేసేది కాదు. చివరకు వారు నాలుగవ శతాబ్దపు వైద్యగ్రంథమొకటి తిరగవేస్తే, ఆ ఆకును కాచమని లేదు, నీళ్ళలో నానబెట్టి పిండి ఆ రసం తాగమని ఉన్నది. వేడి తగిలితే గుణం పోతున్నదేమో అని తోచి, తక్కువ వేడికే మరిగే ఈథరుతో సారం తీశారు. 1971 అక్టోబరులో ఆ సారం ఎలుకల్లో మలేరియా క్రిములను పూర్తిగా తుడిచివేసింది. మరుసటి ఏడు ఆర్టిమిసినిన్ చేతికి వచ్చింది. 2015లో నోబెల్ బహుమానమూ వచ్చింది. వంటింటిలో పొయ్యి మీద పెట్టాలా వద్దా అన్న సంగతి మీద ఇంత ఆధారపడి ఉన్నది!

ఇక మనుమరాలు చెప్పిన కొత్త పద్ధతి. దానిని మెటబలామిక్స్ అంటారు. జీవక్రియలో మొక్క తయారుచేసుకొనే చిన్న చిన్న పదార్థాలన్నిటినీ ఒక్కసారే లెక్కకు తెచ్చే ప్రయత్నమది. ఆకు సారాన్ని మొదట ఒక సన్నని గొట్టం గుండా నడిపిస్తారు. పెండ్లిపందిరి ద్వారం ఇరుకైతే జనం ఒకరి వెనుక ఒకరు వచ్చినట్లు, పదార్థాలు ముందూ వెనుకగా బయటికి వస్తాయి. అక్కడ మాస్ స్పెక్ట్రోమీటరనే యంత్రం ఒక్కొక్క అణువును తూస్తుంది. బరువు ఒక్కటే చాలదు. గ్లూకోజు బరువు 180, ఫ్రక్టోజు బరువూ 180. అందుకని అణువును పగులగొట్టి ముక్కలను కూడా తూస్తుంది. పగిలిన గాజు పెంకులను చూసి ఇది ఎవరి చేతి గాజో ఇంటి ఆడవారు చెప్పగలిగినట్లు, ముక్కలను బట్టి అణువును గుర్తిస్తారు.

ముక్కలు కొంతవరకు కలిసే అణువులను ఒక కుటుంబంగా గుంపు కట్టే ఉపాయం కూడా కనిపెట్టారు. పెండ్లిలో తెలియని పిల్ల ముక్కు తీరు చూసి "ఫలానావారి పిల్ల కాబోలు" అనుకోమూ, అది అట్టిదే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖవారు ముందు నిలిచి, ఎవరైనా తమ కొలతలను చేర్చి పోల్చుకొనేందుకు ఉమ్మడి భాండారం ఏర్పరచి 2016లో దాని సంగతి ప్రకటించారు. దీనివల్ల గొప్ప లాభం, తెలిసినదానినే మళ్ళీ ఏండ్ల తరబడి శ్రమపడి కనుక్కొనే బాధ తప్పడం.

మరి జవాబు ఎందుకు రాలేదు? మొదటిది, యంత్రం చూపేవి గుర్తులు మాత్రమే. ఒక్క పదార్థమే రెండు మూడు వేషాలు వేసుకొని కనబడుతుంది. ఆ గుర్తులలో పేరు పెట్టగలిగినవి సగటున నూటికి రెండు కూడా లేవని 2015లో శాస్త్రజ్ఞులే వ్రాశారు. భాండారాలు పెరుగుతున్నాయి గాని తెలియనిదే ఇంకా ఎక్కువ. రెండవది ముఖ్యం: యంత్రం తూస్తుంది, గుణం చెప్పదు. గుణం పట్టేందుకు వేర్వేరు చోట్ల, వేర్వేరు నెలలలో కోసిన ఆకుల సారాలను తెచ్చి, ఒక్కొక్కదానిని క్రిముల మీదనో కణాల మీదనో పరీక్షించి, పని హెచ్చినప్పుడల్లా ఏ గుర్తు హెచ్చుతున్నదో చూడాలి. అప్పుడు దొరికేవి అనుమానితులు మాత్రమే. వాటిని మళ్ళీ పాత పద్ధతినే విడదీసి, ఒంటరిగా పరీక్షించాలి. విడదీస్తే గుణం మాయమయ్యేవీ ఉంటాయి, నలుగురు కలిస్తేనే బరువు లేచినట్లు. గాజుపాత్రలో కణాన్ని చంపినదల్లా మందు కాదు, విషమూ కావచ్చును.

తమిళనాట నిలవేంబు కుడినీరంటే తొమ్మిది దినుసుల కూర్పు. 2017లో డెంగ్యూ జ్వరాలప్పుడు ప్రభుత్వమే దానిని పంచిపెట్టింది. తొమ్మిదింటిని కలిపి కాచిన నీటిలో ఏది ఏమవుతుందో చెప్పడం ఒక ఆకు సంగతి చెప్పడం కన్న ఎంత కష్టమో ఊహించుకోండి.

ఇంకొక చిక్కు పేరులోనే ఉన్నది. మనకు నేలవేము, తమిళులకు నిలవేంబు, కన్నడిగులకు నెలబేవు, ఒడియావారికి భూయినింబ; మనం ఎక్కడ కాపురం పెట్టినా నేలనంటిన వేపే. ఇంతవరకు ముచ్చటే. కాని హిమాలయాలలో పెరిగే కిరాతతిక్తాన్ని కూడా నేలవేమనే అంటారు. రెండూ చేదే, జ్వరానికే వాడతారు. ఎండిన పుల్లలుగా అంగడికి వచ్చాక ఒకదానికి బదులు మరొకటి అమ్ముడవుతుంది. ఆండ్రోగ్రాఫోలైడు మొదటిదానిలో ఉన్నది, రెండవదానిలో లేదు. ఈ తగవును యంత్రం ఒక్క పూటలో తీర్చగలదు. అందుచేత మనుమరాలి గొప్ప వట్టిది కాదు.

సోదరికి మేము వ్రాసిన జవాబు ఇది. జ్వరం వస్తే ముందు రక్తపరీక్ష, వైద్యుని సలహా. కషాయం వాటికి బదులు కాదు. గర్భిణులకు అసలే వద్దు. అమ్మాయి తన ప్రయోగశాలకు అంగడి పొట్లం తీసుకొనిపోకుండా, పెరటి మొక్కను పూతతో సహా కాగితాల మధ్య ఆరబెట్టి, ఎవరైనా వృక్షశాస్త్రజ్ఞునికి చూపి పేరు ఖాయం చేసుకోవాలి. నాయనమ్మగారి దగ్గర కూర్చొని, ఆకు ఏ నెలలో కోస్తారో, నీడనా ఎండనా ఆరవేస్తారో, ఎన్ని నీళ్ళు ఎంతకు మరగకాస్తారో, ఆ మాటలలోనే వ్రాసుకోవాలి. తూ యూయూగారికి దారి చూపినది అటువంటి ఒక్క వాక్యమే గదా.

అత్తగారికి ఈమధ్య మతిమరుపు వస్తున్నదని కూడా ఉత్తరంలో ఉన్నది. అందుకని వేసవి సెలవులదాకా ఆగవద్దని, ఈ శనివారమే పిల్లను రప్పించమని వ్రాశాము.