పటంలో పొలం ఉన్నది, పట్టాలో పేరేది?

కావేరిపట్టణం ప్రాంతపు రైతుకు భూమి కొలత కొత్త సంగతి కాదు. 1792లో శ్రీరంగపట్టణం సంధి ప్రకారం టిప్పు సుల్తాను బారామహలును ఈస్టిండియా కంపెనీకి వదలుకొన్నాడు. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయకుడు థామస్ మన్రో ఇక్కడి చేలను ఒక్కొక్కటిగా కొలిపించి శిస్తు నిర్ణయించారు. జమీందారు నడుమ లేకుండా రైతు తన పేరనే శిస్తు చెల్లించే రైత్వారీ పద్ధతి ఈ నేల మీదనే రూపు దిద్దుకొన్నది. హోసూరు సీమ 1799లో కంపెనీ వశమైనది.

రైత్వారీకి ఆధారాలు రెండు: పొలం హద్దు, రైతు పేరు. హద్దును గ్రామ పటమూ సర్వే రాయీ కాపాడుతున్నాయి. మరి పేరును కాపాడేదెవరు? తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. ప, బ లకూ అంతే. పట్టాలో వ్రాసిన బాలప్ప చదివేవారి నోట పాలప్ప కావచ్చు. క్రయపత్రంలో ఒక తీరు, ఆధార్ కార్డులో మరొక తీరు పడితే, తండ్రి పట్టాను కొడుకు తన పేరికి మార్పించుకొనే వేళ, పంట ఋణం అడిగే వేళ ‘వీరిద్దరూ ఒక్కరేనా?’ అన్న ప్రశ్న పుడుతుంది. ఇది తమిళ సోదరుల దోషం కాదు, లిపి స్వభావం. కాని ఆ భారాన్ని తెలుగు రైతు ఒక్కడే మోయాలనడం న్యాయం కాదు.

రెవెన్యూ దాఖలా తనంతట తాను యాజమాన్య హక్కును ఇవ్వదు. అయినా భూమి అనుభవంలో ఉన్నదనడానికి న్యాయస్థానాలు దానిని సాక్ష్యంగా పరిశీలిస్తాయి. అందుచేత పేరులో ఒక అక్షరం తారుమారైనా అది చిన్న విషయం కాదు.

మన కోరిక స్పష్టం. తెలుగువారు గణనీయంగా ఉన్న గ్రామాలలో పట్టా మీద తమిళంతో పాటు పట్టాదారు పేరును తెలుగు లిపిలోనూ వ్రాయాలి. తమిళం తొలగించమని ఎవరూ అడగడం లేదు.

అంతవరకు ప్రతి కుటుంబమూ చేయదగిన పని ఉన్నది. గ్రామ పటం, పొలం కొలతల నక్షా, చిట్టా, అడంగల్ నకళ్లు తీసుకొని, పెట్టెలోని తాతల నాటి పత్రాలతో సరిచూడండి. తేడా కనిపిస్తే పెద్దలు జీవించి ఉండగానే తహసీల్దారుకు అర్జీ పెట్టండి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం దేశంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఫిర్యాదు సమర్పించే హక్కు మనకున్నది. తెలుగులోనే వ్రాసి, తమిళ అనువాదం జతచేయండి. రసీదు తప్పక తీసుకోండి.

గట్టు జరిగితే ఊరంతా చూస్తుంది. పేరు జరిగితే మనమే చూచుకోవాలి.